జున్ను రంగు

బియ్యం రెండోసారి కడిగి నీళ్ళు వంపబోతుంటే వెనకనుంచి వాసంతక్క "ఉండు, పారబోయకు" అంది. నా చేతిలోంచి గిన్నె తీసుకుని, వేళ్ళు అడ్డం పెట్టి ఆ నీళ్ళు ఒక గాజు గ్లాసులోకి వంపుకుని హాల్లోకి నడిచింది. గ్లాసుని గోడకి ఆనించి పట్టుకుంది.

"చూడు సూరీ. అచ్చం రెండోదే కదూ?"

తడి చేతులు తుడుచుకుంటూ వెళ్ళి చూశాను. నిజమే. గోడ మీద రెండో పట్టీకీ గ్లాసులో నీళ్ళకీ తేడా లేదు.

హాలు గోడ మీద నాలుగు రంగులు పక్కపక్కన పట్టీలుగా వేసి ఉన్నాయి. ఒక్కోటీ తువ్వాలంత వెడల్పు. కొత్తగా చూసేవాళ్ళకి నాలుగూ తెలుపే. పెయింట్ షాపువాళ్ళిచ్చిన చిన్న డబ్బాల మీద మార్నింగ్ లినెన్ అనీ, క్వయెట్ ఓట్ అనీ ఏవో పేర్లున్నాయి కానీ, ఆ పేర్లతో పిలిస్తే ఏది ఏదో మా ఇద్దరికీ గుర్తుండేది కాదు. అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం. మొదటిది గంజి. రెండోది కడుగు, అంటే ఇప్పుడు గ్లాసులో ఉన్నది. మూడోది జున్ను. నాలుగోది విభూతి.

పొద్దున్న కిటికీలోంచి మంచు మీది వెలుతురు పడేటప్పుడు నాలుగూ నాలుగు రకాలుగా కనిపించేవి. గంజి కాస్త మందంగా, కడుగు పలచగా, జున్నులో ఎక్కడో పసుపు, విభూతిలో ఎక్కడో బూడిద. సాయంత్రం లైటు వేస్తే మొదటి మూడూ కలిసిపోయేవి. విభూతి మాత్రం ఏ వెలుతుర్లోనూ ఎవరితోనూ కలిసేది కాదు. అక్క ఒక్కో పూట ఒక్కోచోట నిలబడి చూసేది. మెట్ల మీంచి, సోఫాలోంచి, వీధి తలుపు తీసిన వెంటనే. నన్నూ నిలబెట్టి చూపించేది. నాకు విసుగు రాలేదు. మా ఊళ్ళో ఇంటికి సున్నం వేసేటప్పుడు మా తాతయ్య కుండలో నీలిమందు ఒక్కో చిటికెడు వేసి కలుపుతూ, ప్రతిసారీ పెరటిగోడ మీద ఒక గీత గీసి, ఆరేదాకా దాని ముందే కూర్చునేవాడు. నీలం తక్కువైతే గోడ పాచిపళ్ళలా ఉంటుందనీ, ఎక్కువైతే ఇంట్లో దెయ్యాలు కాపురం పెడతాయనీ అనేవాడు. తెలుపు గురించి అంతసేపు ఆలోచించడం నాకు కొత్తేమీ కాదు.

వాసంతక్క మా పెద్దమ్మ కూతురు, నేను తనకి చెల్లెల్ని. నేను హామిల్టన్‌లో కాలేజీకి వచ్చినప్పటినుంచీ వాళ్ళింట్లోనే, మేడమీద చిన్న గదిలో ఉంటున్నాను. అక్క ఇక్కడ హాస్పిటల్ ల్యాబ్‌లో టెక్నాలజిస్టు. వాళ్ళాయన సంజయ్ బావగారు ఓక్‌విల్‌లో ఇంజినీరు, రోజూ హైవే మీద వెళ్ళొస్తారు. ఇల్లు ఊరి పైభాగంలో ఉంది. ఆ భాగాన్ని ఇక్కడివాళ్ళు మౌంటెన్ అంటారు. మావైపు దాన్ని దిబ్బ అనేవాళ్ళు.

అక్క పెళ్ళయి వచ్చింది రెజైనాకి. అక్కడ కాఫీ షాపులో చేసింది. బావగారికి వేరే ఉద్యోగం వస్తే బ్రాంప్టన్ వెళ్ళారు. అక్కడ ల్యాబ్ కోర్సులో చేరి, అది సగంలో ఉండగా ఆయనకి విండ్సర్‌లో వచ్చింది. విండ్సర్‌లో మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ సగంలో బయల్దేరాల్సి వచ్చింది. ఆ ఊళ్ళన్నిట్లోనూ అద్దె ఇళ్ళే. గోడకి మేకు కొట్టకూడదు, కొడితే డిపాజిట్ పోతుంది. పెళ్ళిఫొటో అట్టపెట్టెలోనే ఊరూరూ తిరిగింది. చివరికి హామిల్టన్ వచ్చాక అక్క పరీక్ష పాసై, ఎవరో సెలవు పెడితే పిలిచే క్యాజువల్ పని చేసీ చేసీ, పోయిన శీతాకాలం ముందు పర్మనెంట్ అయింది. ఈ ఇల్లు కొన్న రోజున బావగారు ఒక సుత్తీ, మేకుల పొట్లం అక్క చేతిలో పెట్టి, "ఇంక ఎక్కడికీ కదిలేది లేదు. నీకిష్టమైన చోట కొట్టుకో" అన్నారట. ఈ కథ అక్క నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా హాల్లో ఏదో ఒక మేకు వైపు చూసేది. అన్నీ సరిగ్గా దిగలేదు. రెండు మూడు వంకరగా ఉన్నాయి.

రంగులు వేయిద్దామన్నది బావగారే. ఇల్లు కొన్నప్పటినుంచీ గోడలు ముందటివాళ్ళు వేసిన ముదురు ఆకుపచ్చలోనే ఉన్నాయి. అక్క చాలాసార్లు అడిగితే తర్వాత చూద్దాం అన్న మనిషి, ఫిబ్రవరిలో ఒకరోజు భోజనం చేస్తూ తనంతట తానే, ఏప్రిల్లోగా ఇల్లంతా లైట్ కలర్ వేయించేద్దాం అన్నారు. ఏ రంగని అక్క అడిగితే, "ఆఫ్‌వైట్‌లో ఏదైనా సరే. నీ ఇష్టం" అన్నారు.

ఆ మాటతో అక్క మొహం ఎలా మారిందో నేను చూశాను. ఆ రాత్రి పెరుగన్నంలోకి ఆయనకి అడక్కుండానే ఆవకాయలో ముక్క ఏరి వేసింది.

ఇంటికి రంగులంటే మావాళ్ళకి ఒకటే అర్థం. వీడియో కాల్‌లో పెద్దమ్మ గోడ మీది పట్టీలు చూసి, "ఏంటే, విశేషమా?" అంది. మా వైపు విశేషమంటే ఇంట్లో శుభకార్యమైనా కావచ్చు, ఆడపిల్ల నెల తప్పడమైనా కావచ్చు. అక్కకి పెళ్ళయి చాలా కాలమైంది కనక పెద్దమ్మ రెండోదే అడుగుతోందని ఇద్దరికీ తెలుసు. అక్క నవ్వి, "అదేం లేదమ్మా, ఆయనే వేయిద్దామన్నారు" అంది. కానీ ఫోన్ పెట్టేశాక, రంగులయ్యాక సత్యనారాయణ వ్రతం చేసుకుందామనుకుంటున్నానని నాతో అంది. ఇల్లు కొన్నప్పుడు హడావుడిలో చెయ్యలేదట. ఇన్నాళ్ళకి ఆయనకి ఇల్లు ఇల్లులా అనిపిస్తోంది కదా, ఇప్పుడు చేస్తే బాగుంటుందట.

పక్కవీధిలో పద్మిని ఆంటీ ఉంటారు. రిటైరైన డాక్టరు, ఈ దేశం వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఒకరోజు కరివేపాకు ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి గోడ వైపు చూసి, "అమ్ముతున్నారా?" అన్నారు.

అక్కకి అర్థం కాలేదు. "ఏంటండీ అమ్మేది?"

"ఇల్లు. ఇక్కడ ఇలాంటి రంగులు అందుకే వేస్తారుగా."

"భలేవారే ఆంటీ. మేం ఉండడానికే" అంది అక్క. ఆంటీ కరివేపాకు ఇచ్చి, ఫ్రిజ్‌లో పెట్టేముందు కడగొద్దని చెప్పి వెళ్ళిపోయారు. అక్క నావైపు తిరిగి, ఇన్నేళ్ళు ఇక్కడుంటే మనుషులు ఇలాగే అయిపోతారని నవ్వింది.

నేను నవ్వలేదు. అలాగని ఏదో కనిపెట్టేశాననీ కాదు. ఆ మాట నాలో ఒక మూల ఉండిపోయిందంతే.

ఆ రోజుల్లో అక్క ఎప్పటికంటే ఎక్కువ మాట్లాడేది. డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో బూట్లు వేసుకుంటూ, తలుపు పట్టుకుని కూడా ఒకసారి గోడ వైపు చూసి, జున్నే బావుంది కదూ అనేది. ఆనక "వెళ్ళొస్తా" అని ఇంట్లోకి ఒక కేక వేసేది. ఇంట్లో ఎవరూ లేకపోయినా, దేవుడి గూడు వైపు చూసైనా ఆ మాట అనందే గడప దాటేది కాదు. నేను ఒకసారి హడావుడిలో "వెళ్తున్నా అక్కా" అన్నందుకు కార్‌దాకా వెళ్ళినదాన్ని వెనక్కి పిలిచింది. వెళ్తున్నా అనకూడదు, వెళ్ళొస్తా అను అంది. అనిపించాకే వదిలింది.

జున్ను రంగే ఎందుకంటే తను చెప్పిన కారణం నాకు బాగా గుర్తుంది. ఆవు ఈనిన ఇంట్లో జున్నుపాలు చుట్టుపక్కలకి పంచుతారు కదా, అందరిళ్ళకీ వెళ్ళే తెలుపు అదొక్కటే అంది. ఇక్కడ జున్ను దొరకదు. పాలపొడితో, గుడ్డుతో ఏవేవో ప్రయత్నించింది కానీ కుదర్లేదు. అందుకని గోడకైనా పూయించుకుంటానంది.

బావగారికి ఇదంతా వేళాకోళం. నాలుగు పట్టీల ముందు నిలబడి, "మీ అక్కాచెల్లెళ్ళ కళ్ళలో మైక్రోస్కోపులున్నాయి. నాకు కనిపించేది ఒకటే రంగు, దాని పేరు తెలుపు" అనేవారు. మరీ నిలదీస్తే నాలుగోది చూపించి, ఇది కాస్త క్లీన్‌గా ఉన్నట్టుంది అనేవారు. అక్క అది విభూతి అండీ, ఇంటికి విభూతి పూస్తారా ఎవరైనా అనేది. సరే, నీ ఇష్టం అనేవారు.

మార్చి చివర్లో ఒక ఆదివారం త్యాగరాజు గారు కాఫీకి వచ్చారు. ఆయన రియల్ ఎస్టేట్ ఏజెంటు. ఈ ఇల్లు కొనిపెట్టింది ఆయనే. ఏటా ఆయన పంచే క్యాలెండర్ ఇక్కడ ప్రతి తెలుగు వంటింట్లోనూ ఉంటుంది. పైన వినాయకుడు, కింద తిథులు, ఆ కింద కోటు వేసుకుని చేతులు కట్టుకున్న త్యాగరాజు గారు. అక్క ఏకాదశి ఎప్పుడో చూసుకోవాలన్నా ఆయన మొహం చూడాల్సిందే. అలాంటి మనిషి ఇంటికి రావడంలో అనుమానించాల్సిందేమీ లేదు. పైగా బావగారే పిలిచారు. అక్క ఉప్మా చేసింది, జీడిపప్పు ఎక్కువ వేసి.

తిన్నాక ఆయన కాఫీ గ్లాసుతో హాల్లోకి వచ్చి గోడ ముందు నిలబడ్డారు. అక్క ఉత్సాహంగా మూడో పట్టీ చూపించింది. ఇదే అనుకుంటున్నానంది.

"అది వద్దమ్మా వాసంతీ" అన్నారాయన. "దాంట్లో పసుపుంది. వచ్చేవాళ్ళకి గది చిన్నగా కనిపిస్తుంది. ఈ చివరిది వెయ్యండి. కూల్‌గా ఉంటుంది."

అక్క నవ్వింది. "వచ్చేవాళ్ళు ఎంతమందండీ, మా వ్రతానికి? మీరూ, పద్మిని ఆంటీ వాళ్ళూ, ల్యాబ్‌లో ఇద్దరూ. సరిపోతారు ఈ గదిలో."

త్యాగరాజు గారు కూడా నవ్వారు. ఆయనకది ఒక జోకులా అనిపించి ఉంటుంది. "వాళ్ళు వ్రతందాకా ఉంటారామ్మా? పది నిమిషాలుంటే గొప్ప. వంటింట్లో అల్మారాలు తీసి చూస్తారు, బాత్రూంలో కుళాయి తిప్పి చూస్తారు, బేస్‌మెంట్‌లో గోడ తట్టి చూస్తారు, పోతారు. అందుకే మొదటి చూపుకి గది విశాలంగా కనిపించాలి."

అక్క ఇంకా నవ్వుతూనే ఉంది, మొహం మీద. కళ్ళు మాత్రం ఆయన మీంచి బావగారి మీదికి తిరిగాయి. ఎవరింటికైనా వచ్చి అల్మారాలు తీసి చూసే చుట్టాలు ఎవరుంటారు? బావగారు సోఫాలో కూర్చుని కాఫీలో చెంచాతో కలుపుతున్నారు. ఆయన కాఫీలో పంచదార వేసుకోరు.

త్యాగరాజు గారికి అప్పటికి అర్థమైంది. ఆయన బావగారి వైపు చూసి, "మీరు చెప్పారనుకున్నానే" అని మెల్లగా అన్నారు. తర్వాత గ్లాసు బల్ల మీద పెట్టి, పార్కింగ్ గురించి ఏదో అంటూ కోటు తొడుక్కున్నారు. అక్క ఆయన్ని గుమ్మందాకా సాగనంపింది. మళ్ళీ రండి అని కూడా అంది.

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి విప్పాను, వాళ్ళ మాటలు వినపడకూడదని. కానీ ఆ ఇంట్లో వంటింటికీ హాలుకీ మధ్య గోడ లేదు.

ఎక్కడికి వెళ్తున్నాం అని అక్క అడిగింది. రెజైనా అన్నారు బావగారు. ప్రొవిన్స్ గవర్నమెంట్‌లో ఉద్యోగం, మంచి పొజిషన్. ఫిబ్రవరిలో ఆఫర్ వచ్చిందట. ఒప్పుకున్నారా అని అడిగింది. ఒప్పుకున్నానన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. చిన్నపిల్లలకి లెక్క చెప్పేవాళ్ళలా నెమ్మదిగా చెప్పుకుంటూ పోయారు. ఓక్‌విల్‌లో తన డిపార్ట్‌మెంట్ ఎన్నాళ్ళుంటుందో తెలీదు, రెజైనాలో పాత ఫ్రెండ్సున్నారు, ఇల్లు పెద్దది వస్తుంది. ల్యాబులు అక్కడ మాత్రం లేవా అన్నారు.

అక్కడికి వెళ్తే రాష్ట్రం మారుతుంది కనక అక్కకి మళ్ళీ ల్యాబ్ రిజిస్ట్రేషన్ దగ్గర్నుంచి మొదలు. మళ్ళీ క్యాజువల్. మళ్ళీ ఫోన్ పక్కన పెట్టుకుని, ఎవరైనా సెలవు పెడతారేమోనని ఎదురుచూడటం. ఇవన్నీ ఆయనకి తెలుసు. అక్క అవేవీ చెప్పలేదు.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అంది.

"వద్దంటావని తెలుసు. అందుకే చెప్పలేదు."

నేను కుళాయి కట్టేశాను. నీళ్ళు పోతూ ఉంటే ఆ మాట ఇంకా గట్టిగా వినిపిస్తున్నట్టనిపించింది.

అక్క, "రంగు నా ఇష్టం అన్నారు" అంది.

"అన్నాను. ఇప్పుడైనా కాదనటంలేదు. త్యాగరాజు గారిది సలహా అంతే. రంగు నీ ఇష్టమే వాసంతీ."

"ఇల్లు?"

టీవీ చప్పుడు వినిపించింది. అక్క వచ్చి నా పక్కన నిలబడి, నేను కడిగిన గ్లాసులన్నీ మళ్ళీ కడిగింది.

ఆ వారమంతా అక్క మామూలుగానే ఉంది. డ్యూటీకి వెళ్ళింది, వచ్చింది, చారు పెట్టింది. పెద్దమ్మ ఫోన్ చేసి ఏ రంగు ఖాయం చేశావే అంటే, ఇంకా చూస్తున్నామమ్మా అంది. వ్రతం మాట మళ్ళీ ఎత్తలేదు. గోడ ముందు నిలబడటం మానేసింది. హాల్లోంచి నడిచేటప్పుడు అటువైపు చూడకుండా నడిచేది, దారిలో ఎవరైనా పడని మనిషి నిలబడి ఉంటే మనం నడుస్తామే, అలా. నేను ఏదైనా మాట్లాడాలని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ ఆ ఇంట్లో నేను ఉంటున్నది వాళ్ళిద్దరి దయ మీద. ఇల్లు అమ్మితే నేనూ గది వెతుక్కోవాలి. ఏం మాట్లాడినా నా గది కోసం మాట్లాడినట్టుంటుందని ఊరుకున్నాను.

బావగారు మాత్రం అక్క మౌనాన్ని సరేనన్నట్టు తీసుకున్నారు. ఎప్పుడూ అలాగే అయ్యేదట. బ్రాంప్టన్‌కీ, విండ్సర్‌కీ, ప్రతిసారీ ముందు ఏడవడం, తర్వాత మాట్లాడకపోవడం, తర్వాత అట్టపెట్టెలు సర్దడం. ఈసారి ఏడుపు లేదు కనక ఇంకా తేలికైందన్నట్టు నాతో చెప్పారు. కారులో నన్ను కాలేజీ దగ్గర దింపుతూ, "మీ అక్క మెత్తని మనిషమ్మా. సర్దుకుంటుంది" అన్నారు. ప్రేమగానే అన్నారు. అదే నాకు మింగుడుపడలేదు.

పెయింటర్లు వచ్చిన రోజు అక్క డ్యూటీలో ఉంది. బావగారు వాళ్ళకి ముందే ఫోన్లో నాలుగో రంగు చెప్పేశారు. తలుపు తీసింది నేనే. ఇద్దరు మనుషులు, కబుర్లు లేకుండా పనిచేసేవాళ్ళు. ముందు సామాన్లు మధ్యకి జరిపి ప్లాస్టిక్ కప్పారు. తర్వాత గోడల మీద ఉన్నవన్నీ దించమన్నారు. పెళ్ళిఫొటో దించాను. గుమ్మానికి కట్టిన తోరణం విప్పాను. త్యాగరాజు గారి క్యాలెండర్ చుట్టిపెట్టాను. దేవుడి గూడు దించేటప్పుడు మాత్రం, దేవుళ్ళని ఎక్కడ పెట్టాలో తెలీక నా గదిలో మంచం మీద వరసగా పెట్టుకున్నాను.

వాళ్ళు మేకులు పీకడం మొదలుపెట్టారు. వంకరవి పీకేటప్పుడు గోడ పెచ్చు కాస్త ఊడింది. చిల్లులన్నిటిలో తెల్లటి ముద్ద కూరి, చాకులాంటి దాంతో సాపు చేసి, ఆరాక గరుకు కాగితంతో రుద్దారు. చెయ్యి పెట్టి చూస్తే అక్కడ ఎప్పుడైనా మేకుందని తెలీదు. పీకిన మేకులు ఏం చెయ్యమంటారని ఒకతను అడిగాడు. పారెయ్యమనడానికి నోరు రాలేదు. ఒక స్టీలు గిన్నె ఇచ్చాను.

మధ్యాహ్నానికి పట్టీల గోడ దగ్గరికి వచ్చారు. పట్టీలు ఎలాగూ తెలుపేనని వాటిని వదిలి, చుట్టూ ఉన్న ఆకుపచ్చ మీద మాత్రం ముందొక ప్రైమర్ పూత వేశారు. రోలరు గంజి మీద వెళ్ళింది, కడుగు మీద వెళ్ళింది, జున్ను మీద వెళ్ళింది. విభూతి పట్టీ మీద కూడా విభూతే వేశారు. నేను మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. ఆరోజు కాలేజీకి వెళ్ళలేదు.

అక్క వచ్చేసరికి చీకటి పడుతోంది. ఇల్లంతా పెయింట్ వాసన, కిటికీలు తీసి ఉండటంతో చలి. తలుపు దగ్గరే నిలబడి ఒకసారి చుట్టూ చూసింది. నిజం చెప్పాలంటే గది విశాలంగానే కనిపిస్తోంది. ఎవరూ ఉండని ఇల్లులా శుభ్రంగా ఉంది. బూట్లు విప్పుతూ అక్క అడిగింది ఒకటే.

"మేకులేవి?"

గిన్నె తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. కదిలితే అవి గలగలమన్నాయి. తీసుకెళ్ళి పోపుడబ్బా ఉన్న సొరుగులో, దాని పక్కనే పెట్టింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం త్యాగరాజు గారు కాగితాలతో వచ్చారు. ఈసారి ఆయన ఉప్మా వద్దన్నారు. కాఫీ నేనే కలిపి ఇచ్చాను. అక్కకి ఆరోజు సెలవు. స్నానం చేసి, తల దువ్వుకుని, బల్ల దగ్గర బావగారి పక్క కుర్చీలో కూర్చుంది. త్యాగరాజు గారు కాగితాలు బల్ల మీద పరిచి, ఎక్కడెక్కడ సంతకాలో రంగు కాగితాలు అంటించినవి చూపించారు. ఇల్లు ఇద్దరి పేరా ఉంది కనక ఇద్దరూ పెడితేనే అమ్మకానికి పెట్టగలనని, ఒక్కరు పెట్టినా లాభం లేదని చెప్పారు. ఆ మాట చెబుతూ అక్క వైపు చూడలేదు, కాగితం వైపే చూశారు. మొన్నటి సిగ్గు ఆయనలో ఇంకా పోలేదనిపించింది.

బావగారు చకచకా సంతకాలు పెట్టి, కలం అక్క ముందుకు జరిపారు.

అప్పుడే ఎండ వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన ఎండ, కిటికీలోంచి తిన్నగా ఆ గోడ మీద పడింది. అంతా బూడిద తెలుపు. మధ్యలో ఒకచోట మాత్రం, నిలువుగా, తువ్వాలంత వెడల్పున, లేత పసుపు పైకి కనిపించీ కనిపించనట్టు ఉంది. ఒక్క పూతతో అది కప్పబడలేదు. మిగతా మూడు పట్టీలు ఎక్కడున్నాయో కూడా తెలియటంలేదు.

మేం నలుగురం చూశాం. అక్క కలం తీసుకోబోయిన చెయ్యి బల్ల మీదే ఉంచి చూసింది.

"అక్కడ కింది రంగు కొడుతోంది" అన్నారు త్యాగరాజు గారు, కళ్ళు చికిలించి. "ఫొటోల్లో కూడా పడుతుంది. ఇంకో కోటు వేయిస్తే పోతుంది."

"వేయిద్దాం" అన్నారు బావగారు. తర్వాత అక్క వైపు తిరిగి, ఎప్పటిలాగే మెత్తగా, "ఇంకో కోటు వేయిద్దామా వాసంతీ? నీ ఇష్టం" అన్నారు.

అక్క ఆయన మొహంలోకి చూసింది. అంత సేపు ఆమె ఆయన్ని చూడటం నేను ఆ ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. గోడ మీది రంగులని చూసినట్టు, ఒక్కోటీ విడదీసి చూసినట్టు చూసింది. తర్వాత లేచి, కుర్చీ చప్పుడు కాకుండా లోపలికి జరిపింది. కలం కాగితాల మీదే ఉంది.

గుమ్మం దగ్గర అల్మారాలోంచి కోటు తీసి తొడుక్కుంది. బూట్లు వేసుకుంది. హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని, కారు తాళాలు తీసుకుంది. బావగారు ఆమెని ఏమీ అడగలేదు, నన్నడిగారు. "ఈరోజు షిఫ్టుందా?"

లేదన్నాను.

అక్క తలుపు తీసింది. చెక్కకి వేసిన రంగు ఇంకా పచ్చిగా ఉందేమోనని చెయ్యి అంచుకి తగలకుండా, పిడి ఒక్కటే పట్టుకుంది. దేవుడి గూడు ఉండే చోట ఇప్పుడు ఖాళీ గోడే ఉంది. అటు చూడలేదు. నేను వంటింటి వైపు కాఫీ గ్లాసుతో నిలబడి, ఎప్పుడూ వినే ఆ ఒక్క మాట కోసం చెవి పెట్టాను. తలుపు మెల్లగా మూసుకుంది. తర్వాత కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.